క్రోమ్‌ఓఎస్ ఏపీఐలు నేర్చుకోవాలా? మిర్చి రేట్లతో మొదలుపెట్టండి

క్రోమ్‌బుక్ లాప్‌టాప్‌లను నడిపే క్రోమ్‌ఓఎస్‌కి ప్రోగ్రాం రాయాలంటే ముందు ఆ క్రోమ్‌బుక్ కొనాలేమో అని ఆగిపోకండి. మీ పాత విండోస్ లాప్‌టాప్‌లో క్రోమ్ బ్రౌజర్ ఉంటే చాలు. ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) ఏపీఐలు, అంటే మన కోడ్ బ్రౌజర్‌తో పని చేయించుకునే కమాండ్లు, చాలావరకు రెండుచోట్లా ఒకటే, ఫైల్ సిస్టమ్ ప్రొవైడర్ లాంటివి కొన్ని మాత్రం క్రోమ్‌ఓఎస్‌లోనే నడుస్తాయి, వాటి జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

ఏపీఐల జాబితా ముందేసుకుని వరసగా చదివితే నిద్రొస్తుంది తప్ప ఏమీ ఎక్కదు. పనికొచ్చేది ఏదైనా చేయండి. గుంటూరువాళ్లయితే మిర్చి యార్డు రేట్లు రాసిపెట్టుకునే చిన్న ఎక్స్‌టెన్షన్ చాలు: పాపప్‌లో (ఐకాన్ నొక్కితే తెరుచుకునే చిన్న కిటికీ) తేజ, బాడిగ, 334 అని మూడు మిర్చి రకాలకి మూడు గడులు, క్వింటా ధర కొట్టి సేవ్ నొక్కితే దాచుకోవాలి, రోజూ సాయంత్రం 'ఇవాళ్టి రేటు రాశారా' అని గుర్తుచేయాలి. ఇంతమాత్రం దానికే స్టోరేజ్ (దాచడం), అలారమ్స్ (టైముకి లేపడం), నోటిఫికేషన్స్ (గుర్తుచేయడం), రన్‌టైమ్ (ఎక్స్‌టెన్షన్ భాగాల మధ్య మెసేజ్‌లు) ఏపీఐలు నాలుగూ చేతికొస్తాయి.

ఎక్స్‌టెన్షన్ వివరాలుండే మానిఫెస్ట్ ఫైల్‌లో మానిఫెస్ట్ వెర్షన్ 3 అని రాసి, ఆ నాలుగింట్లో మొదటి మూడింటికీ పర్మిషన్ అడగండి. ఎక్స్‌టెన్షన్ల పేజీలో డెవలపర్ మోడ్ ఆన్ చేసి, 'లోడ్ అన్‌ప్యాక్డ్' నొక్కి ఫోల్డర్ చూపిస్తే ఎక్కేస్తుంది.

అసలు చిక్కంతా సర్వీస్ వర్కర్ దగ్గరే. వెనకాల నడిచే ఈ ఫైల్‌ని 30 సెకన్లు పనిలేకుండా ఉంటే క్రోమ్ ఆపేస్తుంది, వేరియబుల్‌లో పెట్టిన తేజ రేటు దాంతోపాటే పోతుంది. వెబ్ పేజీలు వాడుకునే లోకల్‌స్టోరేజ్‌లో దాద్దామంటే సర్వీస్ వర్కర్‌కి అది అందదు. కాబట్టి రేటు రాగానే స్టోరేజ్ ఏపీఐలోని స్టోరేజ్ డాట్ లోకల్‌లో వేసేయండి, కావాల్సినప్పుడు మళ్లీ అక్కణ్ణుంచే తీసుకోండి. స్టోరేజ్ డాట్ సింక్ వాడితే మీ అకౌంట్ ఉన్న ప్రతి మెషిన్‌లోకీ వెళ్తుంది గానీ, మొత్తం కలిపి దాదాపు 100 కేబీ, ఒక్కో ఐటమ్ 8 కేబీ దాటకూడదు, ఏడాది రేట్లన్నీ ఒకే ఐటమ్‌లో కుక్కితే ఎర్రర్ వస్తుంది.

గుర్తుచేయడానికి జావాస్క్రిప్ట్‌లోని సెట్‌టైమౌట్ టైమర్ పెడితే అదీ అంతే, వర్కర్ ఆగితే టైమర్ కూడా పోతుంది. అలారమ్స్ వాడండి. బ్రౌజర్ మూసి తెరిచాక అలారం ఉండొచ్చు, పోనూవచ్చు, అందుకే వర్కర్ లేచిన ప్రతిసారీ ఉందో లేదో చూసి, లేకపోతే మళ్లీ పెట్టండి. లిజనర్లన్నీ (ఈవెంట్ రాగానే నడిచే ఫంక్షన్లు) ఫైల్ పైస్థాయిలోనే, అంటే వేరే ఫంక్షన్ లోపల కాకుండా ఉండాలి, ఏదో ప్రామిస్ (తర్వాతెప్పుడో ముగిసే పని) పూర్తయ్యాక తగిలిస్తే వర్కర్ లేచినా ఈవెంట్ అందకపోవచ్చు.

పాపప్ నుంచి వర్కర్‌కి మెసేజ్ పంపి, స్టోరేజ్‌లోంచి తీసిన రేటు జవాబుగా రావాలంటే, ఆన్‌మెసేజ్ లిజనర్ చివర 'రిటర్న్ ట్రూ' రాయండి. అది లేకపోతే జవాబు తయారయ్యేలోపే దారి మూసుకుపోతుంది, మీకు అన్‌డిఫైన్డ్ (విలువ లేదని) మిగులుతుంది.

టెస్ట్ చేసేటప్పుడు డెవ్‌టూల్స్ (కోడ్‌లో తప్పులు వెతికే క్రోమ్ కిటికీ) మూసేయండి. అవి తెరిచి ఉన్నంతసేపూ క్రోమ్ వర్కర్‌ని ఆపదు, మీ కోడ్ బంగారంలా నడుస్తున్నట్టే ఉంటుంది. మూసి, ఒక నిమిషం ఆగి, అప్పుడు పాపప్ తెరిచి చూడండి.