వానలు మొదలయ్యేలోపే ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు తీసేయండి

ఈ మధ్యే మా వార్డుకి ఒక డిగ్రీ కుర్రాణ్ని స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. మూడు రోజులుగా విరేచనాలట. వచ్చేసరికే కళ్లు లోతుకు పోయాయి, నాలుక ఎండిపోయింది, ముందు రోజు సాయంత్రం నుంచి మూత్రమే రాలేదు. రక్తపరీక్షలో కిడ్నీలు దెబ్బతిన్నట్టు తేలింది. సెలైన్ ఎక్కించి, కనిపెట్టుకుని ఉంటే ఎలాగో గట్టెక్కాడు. వాళ్లమ్మ మాత్రం వచ్చిన ప్రతివాళ్లనీ ఒకటే అడిగింది: "మొదటి రోజే మందు వేశాం కదండీ, అయినా ఇలా ఎందుకైంది?"

వేసిన మందు ఏమిటంటే, అంతకుముందు ఇంట్లో ఎవరికో గొంతునొప్పికి రాసిచ్చిన యాంటీబయాటిక్‌లో మిగిలిన మాత్రలు. దానికి తోడు మోషన్స్ ఆపే మాత్ర. తాగిన కొద్దీ మోషన్స్ ఎక్కువవుతున్నాయని నీళ్లు మాత్రం తగ్గించేశారు.

ఆసుపత్రిలో రోగులకు ఆహారం గురించి సలహాలిచ్చే ఉద్యోగం నాది. వానలు మొదలైతే మా దగ్గరికి ఇలాంటి కేసులు వరసగా వస్తాయి. చేతులు కడుక్కోండి, ఈగలు వాలిన తిండి తినకండి అని నేను మళ్లీ చెప్పను. అవి మీకు తెలుసు. చదువుకున్నవాళ్లు, ఇల్లు శుభ్రంగా ఉంచుకునేవాళ్లు కూడా చేసే తప్పు ఒకటుంది. మనుషులు దానివల్లే మంచాన పడటం చూస్తున్నాను. ముందు దాని సంగతి చెప్పాలి.

ఆ ఒక్క తప్పు

కడుపు పాడవగానే డాక్టర్‌ని అడక్కుండా యాంటీబయాటిక్ మింగడం.

ఉన్నట్టుండి పట్టుకునే విరేచనాల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. నోరోవైరస్, రోటావైరస్ లాంటివన్నమాట. యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియాను. వైరస్‌ను అది ఏమీ చేయలేదు. ఈ రకం విరేచనాలు చాలామందికి కొద్దిరోజుల్లో వాటంతటవే తగ్గిపోతాయి. మాత్ర వేసుకున్నాక తగ్గింది కాబట్టి మాత్రే తగ్గించిందని అనుకుంటాం. వచ్చేసారి మళ్లీ అదే మాత్ర కోసం వెతుకుతాం, పక్కింటివాళ్లకీ అదే చెప్తాం.

ఈలోపు లోపల ఏం జరుగుతుందో చూడండి. మన శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో లెక్క కట్టారు. వాటిలో దాదాపు అన్నీ పెద్దపేగులోనే ఉంటాయి. మనం అరిగించుకోలేని పీచును అవి పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి పదార్థాలు తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే. పైగా పేగులో చోటంతా ఇవి ఆక్రమించుకుని ఉండటం వల్ల బయటనుంచి వచ్చిన చెడ్డ క్రిములకు నిలవడానికి తావుండదు. యాంటీబయాటిక్‌కు మంచీ చెడూ తేడా తెలియదు. 2018లో అచ్చయిన ఒక పరిశోధనలో 12 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు నాలుగు రోజులపాటు బలమైన యాంటీబయాటిక్స్ కలిపి ఇచ్చారు. నెలన్నరలో పేగు బ్యాక్టీరియా చాలావరకు కోలుకుంది. కానీ మొదట్లో అందరిలోనూ ఉన్న 9 జాతులు ఆరు నెలలైనా వాళ్లలో చాలామందికి తిరిగి కనిపించలేదు. నాలుగంటే నాలుగు రోజుల మందుకి!

ఇంకో ప్రమాదం క్లోస్ట్రిడియోయిడెస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా. మంచి బ్యాక్టీరియా పలచబడిన పేగులో ఇది విజృంభించి, విషాలు వదిలి, పెద్దపేగును పుండు చేస్తుంది. యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడే కాదు, ఆపేసిన కొన్ని వారాల తర్వాత కూడా రావచ్చు. పెద్దవయసు వాళ్లకు ప్రాణాంతకం కూడా కావచ్చు. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టడం దీని అలవాటు. అలాగే ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో కొన్ని రకాల వల్ల రక్తవిరేచనాలు అవుతున్నప్పుడు యాంటీబయాటిక్ ఇస్తే కిడ్నీలు దెబ్బతినే ముప్పు పెరగవచ్చు. మలపరీక్ష చేయకుండా అది ఏ క్రిమో ఇంట్లో కూర్చుని ఎవరూ చెప్పలేరు.

ఇవన్నీ ఒక ఎత్తు. నన్ను ఎక్కువగా భయపెట్టేది వేరే ఉంది. మాత్ర వేయగానే "మందు పడింది, ఇక పర్వాలేదు" అనే ధీమా ఇంటిల్లిపాదికీ వచ్చేస్తుంది. ఎన్ని గ్లాసులు తాగాడు, మూత్రం ఎప్పుడు వచ్చింది అని ఎవరూ చూడరు. విరేచనాల్లో మనిషిని తీసుకుపోయేది చాలాసార్లు క్రిమి కాదు, ఒంట్లోంచి పోయిన నీరూ ఉప్పూ. మిగిలిన మాత్ర ఆ నీటి సంగతి మరిపిస్తుంది. ఆ కుర్రాడి విషయంలో జరిగింది అదే.

కాబట్టి మళ్లీ చెప్తున్నాను: కడుపు పాడైతే సొంతంగా యాంటీబయాటిక్ వద్దు. మిగిలినవి వద్దు, పక్కింటివాళ్లు ఇచ్చినవి వద్దు, పోయినసారి రాసిన చీటీ చూపించి కొన్నవి వద్దు.

అలాగని యాంటీబయాటిక్ అంటేనే భయపడకండి. టైఫాయిడ్, కొన్ని రకాల రక్తవిరేచనాల్లో అదే ప్రాణం నిలబెడుతుంది, కలరా ముదిరితే నీళ్లూ ఉప్పుకు తోడుగా అదీ కావాలి. డాక్టర్ చూసి రాస్తే, చెప్పినన్ని రోజులు, చెప్పిన వేళకు వేసుకోండి. మధ్యలో బాగున్నట్టు అనిపించినా డాక్టర్‌ని అడక్కుండా ఆపకండి. అలా ఆపేసినప్పుడే మాత్రలు మిగులుతాయి.

మరి చేయాల్సింది

నీళ్లు, ఉప్పు, చక్కెర. మొదటి మోషన్ దగ్గర్నుంచే.

ఓఆర్ఎస్ ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే దాన్ని చిన్నచూపు చూడరు. విరేచనాలు అవుతున్నా చిన్నపేగు గోడలో ఒక దారి తెరిచే ఉంటుంది. గ్లూకోజ్, సోడియం జంటగా వస్తే ఆ దారి గుండా రెండూ లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. ఉత్త నీళ్లతో ఇదంతా జరగదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగి, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే డ్రమ్ముల్లో కలిపి రోగుల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఇప్పుడు వాడుతున్న ఫార్ములా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించింది.

ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని ఉంటే అన్ని నీళ్లలోనే మొత్తం పొడి కలపాలి. లీటరు ప్యాకెట్‌ని గ్లాసులో కలిపితే ఉప్పు మోతాదు మించిపోయి, పేగులోకి ఇంకా నీరు లాగేసి మేలుకు బదులు కీడు చేస్తుంది. విడిగా చక్కెర వేయొద్దు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు మంచినీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, పైన గోపురంలా రాకుండా సమంగా గీసి కొలవాలి. ప్రతి మోషన్ తర్వాత రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్ల వాళ్లకు 100 నుంచి 200, పెద్దవాళ్లకు తాగగలిగినంత. వాంతి అయిపోతే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టండి. చంటిపిల్లలకు తల్లిపాలు ఒక్కపూట కూడా ఆపకూడదు.

తాగితే మోషన్స్ పెరుగుతాయన్నది నిజం కాదు. మోషన్ ఎలాగూ అవుతుంది. తాగకపోతే పోయినదానికి బదులు లోపలికి ఏమీ రాదు, అంతే తేడా.

తిండీ ఆపొద్దు. "పొట్టకు విశ్రాంతి" పేరుతో పస్తులుంచితే పేగు పొర కోలుకోవడం ఆలస్యమవుతుంది. మెత్తగా ఉడికించినవి కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పెట్టండి. పిల్లలకు జింక్ గురించి డాక్టర్‌ని మీరే అడగండి. ఆరు నెలలు దాటినవాళ్లకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవాళ్లకు 10, పది నుంచి పద్నాలుగు రోజులపాటు ఇవ్వడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. మోషన్స్ ఆగాయని జింక్ మధ్యలో మానేస్తుంటారు, అలా మానొద్దు.

ఇప్పటినుంచే పేగును బలంగా ఉంచుకోండి

రోగం వచ్చాక మంచి బ్యాక్టీరియా గురించి ఆలోచించడం ఆలస్యమే. అవి తినేది పీచు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు, 400 గ్రాముల కూరగాయలు, పళ్లు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. పప్పులు, ముడిధాన్యాలు, ఆకుకూరలు, గింజలు. రోజూ ఒకే కూర కాకుండా మార్చి మార్చి తినండి. ఒక్కో రకం బ్యాక్టీరియా ఒక్కో రకం పీచు తింటుంది. ఇప్పటిదాకా పీచు తినే అలవాటు లేకపోతే ఒక్కసారిగా పెంచకండి. పొట్ట ఉబ్బి, గ్యాస్ పట్టి, రెండు రోజుల్లో మానేస్తారు. వారానికి కాస్త చొప్పున పెంచుతూ, నీళ్లూ పెంచండి. ఇప్పటికే పేగు జబ్బుకు మందులు వాడుతున్నవాళ్లు డాక్టర్ చెప్పినట్టే నడుచుకోండి.

పెరుగు పడేవాళ్లు రోజూ తినండి, మంచిదే. ప్రోబయాటిక్ క్యాప్సూల్స్, అంటే బతికున్న మంచి బ్యాక్టీరియా నింపినవి, వాటి మీద మాత్రం అంత నమ్మకం పెట్టుకోకండి. యాంటీబయాటిక్ తర్వాత వాడిన ప్రోబయాటిక్ వల్ల సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఆలస్యమైనట్టు 2018లోనే ఒక పరిశోధనలో కనిపించింది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు అవి సొంతంగా వేసుకోనే కూడదు. "ప్రోబయాటిక్ కూడా వేస్తున్నాం కదా, యాంటీబయాటిక్ వేసుకున్నా ఏం కాదు" అనేవాళ్లను చూశాను. తప్పు.

నిద్ర, నడక సంగతి ఎలాగూ తెలిసిందే. టెన్షన్ పడితే పొట్ట కదిలిపోయేవాళ్లకు ఆ రెండూ ఇంకా అవసరం.

ఇక ఒకదాని వెంట ఒకటి చెప్పేస్తాను

మోషన్‌లో రక్తమో జిగురో ఉన్నా, జ్వరం ఉన్నా, మోషన్స్ ఆపే మాత్ర వేయకండి. క్రిమి, దాని విషం లోపలే ఉండిపోతాయి.

రెండేళ్లలోపు పిల్లలకు ఆ మాత్ర అసలే వద్దు.

ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఒళ్లునొప్పులకని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేయకండి. కిడ్నీల మీద రెండు వైపులనుంచి దెబ్బ పడుతుంది.

గ్యాస్ మాత్ర నెలల తరబడి సొంతంగా మింగకండి. పొట్టలోని ఆమ్లం క్రిములను చంపే మొదటి కాపలా. దాన్ని రోజూ అణిచేస్తే పేగు ఇన్ఫెక్షన్లు సులువుగా వస్తాయి.

పేగులు కడిగేస్తామనే డీటాక్స్ పొడులు కొనకండి. వాటితో కడగాల్సినదేమీ లోపల ఉండదు.

వండిన అన్నం గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకండి. బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అది వదిలే ఒక విషం మళ్లీ వేడిచేసినా పోదు.

నీళ్ల మీద అనుమానం ఉంటే కళపెళలాడుతూ కనీసం ఒక్క నిమిషం మరగనివ్వండి. గోరువెచ్చన చేస్తే చాలదు.

శానిటైజర్ నోరోవైరస్ మీద సరిగా పనిచేయదు. సబ్బు, నీళ్లు వాడండి.

మోషన్స్ ఆగాక కూడా రెండు రోజులు ఇతరులకు వంట చేయొద్దు.

కూల్‌డ్రింకులు, పళ్లరసాల డబ్బాలు ఓఆర్ఎస్ కావు. అట్టపెట్టె మీద పేరు చూసి కాదు, లోపలున్నవి చదివి కొనండి.

ప్రయాణానికి "ముందు జాగ్రత్తగా" యాంటీబయాటిక్ వేసుకోవద్దు.

పిల్లలకు పెద్దవాళ్ల మాత్ర సగం విరిచి ఇవ్వొద్దు.

ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ ఈరోజే వెతికి తీయండి. మందుల షాపులో వెనక్కి తీసుకుంటారేమో అడగండి. మరుగుదొడ్డిలో పారబోయకండి. ఇంకెవరికీ ఇవ్వకండి.

మూత్రం ఆరేడు గంటలుగా రాకపోతే, మనిషి మగతగా ఉంటే, తాగింది తాగినట్టు కక్కేస్తుంటే, మోషన్ నల్లగానో ఎర్రగానో ఉంటే, చంటిబిడ్డ ఏడ్చినా కన్నీళ్లు రాకపోతే, తెల్లారేదాకా ఆగొద్దు. అర్ధరాత్రయినా బయల్దేరండి. రెండు వారాలు దాటినా తగ్గని మోషన్స్, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే కూడా చూపించుకోవాల్సిందే.

దారిపొడవునా ఓఆర్ఎస్ గుటక గుటకగా పడుతూనే ఉండాలి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి. వేసిన మాత్రల స్ట్రిప్పులన్నీ, ఖాళీవైనా సరే, వెంట పట్టుకెళ్లండి. యాంటీబయాటిక్ వేసి ఉంటే తిడతారని దాచొద్దు. ఏది, ఎన్ని, ఏ రోజున వేశారో మొదటి మాటగా డాక్టర్‌కి చెప్పండి.