ఇంట్లో పాటల కోసం హెడ్‌ఫోన్లు కొంటున్నారా? ముందు మీ గదిని గమనించండి

మధ్యస్థ ధరలో హెడ్‌ఫోన్లు కొనేవారు కంపెనీ పేరు కంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: చెవి కప్పుల వెనుక భాగం తెరిచి ఉండాలా, మూసి ఉండాలా?

ఒంటరిగా, నిశ్శబ్దమైన గదిలో వినేవారికి నా ఓటు తెరిచిన రకానికే. సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ అలాంటిదే. వీణ, వయొలిన్, మృదంగం దేనికది విడివిడిగా, విశాలంగా వినిపిస్తాయి. శబ్దం తలలో ఇరుక్కున్నట్టు ఉండదు. అయితే ఫ్యాను హోరు, వంటింట్లో కుక్కరు కూత నేరుగా లోపలికి వచ్చేస్తాయి, మీ పాట పక్కవారికీ వినిపిస్తుంది. పిల్లలు నిద్రపోయే గదిలో వినాలంటే ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ లాంటి మూసిన రకమే మేలు.

తర్వాత ఓమ్‌ల సంఖ్య, అంటే హెడ్‌ఫోన్లు విద్యుత్తుకు ఎంత అడ్డుపడతాయో చెప్పే అంకె చూడండి. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్‌లలో దొరుకుతుంది. 250 ఓమ్‌లది నేరుగా ఫోనుకు తగిలిస్తే శబ్దం నీరసంగా ఉంటుంది, దానికి విడిగా యాంప్లిఫయర్ కావాలి. ఫోనుతోనే వింటామంటే 32 ఓమ్‌లది తీసుకోండి.

బయటి శబ్దాన్ని అణచే సదుపాయం ప్రయాణాలకు బాగుంటుంది. ఇంటికి మాత్రం ఆ డబ్బు మంచి ధ్వని మీద పెట్టడమే న్యాయం.

మన ఎండాకాలంలో తోలులాంటి మెత్తలు చెమట పట్టిస్తాయి, మఖమల్ గుడ్డవి హాయిగా ఉంటాయి. మెత్తలూ తీగా విడిగా మార్చుకునే వీలుంటే ఇంకా మంచిది, ముందుగా పాడయ్యేవి అవే. దుకాణంలో మీకు బాగా తెలిసిన పాటే పెట్టి, కనీసం పావుగంట తీయకుండా వినండి.