కారు టైర్లు కొనడం నేర్చుకుందాం – 3వ పాఠం: తేదీ చూడటం, రేటు అడగటం

పోయిన పాఠంలో టైరు తయారైన తేదీ గురించి మూడు వాక్యాలు చెప్పి ముందుకు వెళ్లిపోయాను. అది చాలలేదు. ఆ మూడు వాక్యాలు పట్టుకుని షాపులకు వెళ్లినవాళ్లలో కొందరు మంచి టైర్లు వద్దనుకుని వచ్చారు, ఒకరిద్దరు పాత టైర్లు కొత్తవనుకుని వేయించుకున్నారు. అందుకే ఈసారి రేట్ల పాఠం కొంచెం వెనక్కి జరుపుతున్నాను. ముందు తేదీ సంగతి తేల్చుకుందాం.

చాలామంది అడిగింది: “మా టైరు మీద ఆ తేదీ నంబరే లేదు.” ఉంటుంది. డీఓటీ అనే మూడు అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర, కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. చాలా టైర్లకు ఈ నాలుగంకెలు ఒక పక్కనే అచ్చు వేస్తారు, రెండో పక్కన కోడ్ సగంలోనే ఆగిపోతుంది. తేదీ ఉన్న పక్క లోపలికి పెట్టి బిగించేస్తే బయట నిలబడి ఎంత వెతికినా దొరకదు. ముందు చక్రాలకైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పి, బండి ఆపేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫోన్‌ను చక్రం వెనక్కి పోనిచ్చి లైటు వేసి వీడియో తీయండి. తర్వాత ఆ వీడియో ఆపి ఆపి చూసుకోవచ్చు. వెనక చక్రాలకు అంత సందు ఉండదు. సర్వీసింగ్‌లో బండి పైకి లేపినప్పుడు చూసుకోవాలి.

ఇక చదవడం. మొదటి రెండంకెలు వారం, చివరి రెండూ సంవత్సరం. 2324 అని ఉంటే ఒకాయన అది 2023-24 ఆర్థిక సంవత్సరం అనుకున్నారు. కాదు, 2024లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో తయారైంది. ఇంతకన్నా పెద్ద పొరపాటు 1224 దగ్గర జరిగింది. దాన్ని డిసెంబరు 2024 అని చదివారు. అది 12వ వారం, మార్చి నెల. తొమ్మిది నెలల తేడా! మొదటి రెండంకెలు 12 లోపు ఉన్నప్పుడు మన కన్ను వాటిని నెలగానే చదువుతుంది, అక్కడే జాగ్రత్త. నేను వాడే చిట్కా ఒకటి చెప్తాను: మొదటి రెండంకెల్ని నాలుగుతో భాగించండి, నెల దాదాపుగా వచ్చేస్తుంది. 38ని భాగిస్తే తొమ్మిదిన్నర, అంటే సెప్టెంబరు.

టైరు మీద వెంట్రుకల్లాంటి రబ్బరు పోగులు చూసి “ఇవిగో, ఫ్రెష్ స్టాక్” అంటే నమ్మకండి. టైరు గోదాములో మూడేళ్లు ఉన్నా ఆ పోగులు ఊడిపోవు. తడిబట్ట అడిగి సైడు మీద దుమ్ము తుడిచి అంకెలే చూడండి.

ఇప్పుడు రెండో వైపు. విజయవాడ ఆటోనగర్‌లో ఒకావిడ అయిదు నెలల క్రితం తయారైన టైర్లను పాతవని వద్దన్నారు. ఎండలో నాలుగు షాపులు తిరిగి, చివరికి వాటికన్నా ఎక్కువ రేటు పెట్టి రెండు నెలల నాటివి తెచ్చుకున్నారు. అలా చేయనక్కర్లేదు. ఫ్యాక్టరీ నుంచి డిపోకి, డిపో నుంచి షాపుకి రావడానికే కొన్ని నెలలు పడుతుంది. నేను పెట్టుకున్న హద్దు ఇది: ఆరు నెలల లోపైతే మాట్లాడకుండా తీసుకుంటాను. ఏడాది లోపైతే రేటు తగ్గిస్తేనే తీసుకుంటాను. ఏడాది దాటితే వేరేవి తెప్పించమంటాను. మీ ఊళ్లో మీ సైజు అరుదుగా దొరికేదైతే ఈ హద్దు కాస్త సడలించుకోండి. నీడలో, ఎండ తగలకుండా ఉంచిన టైరు ఏడాదిలో పాడైపోదు.

నన్ను నిజంగా బాధపెట్టిన ఫోన్ ఇంకొకటి. ఫోన్ చేసినాయన అంకెలు సరిగ్గానే చదివారు, కానీ కౌంటరు దగ్గర చూపించిన ఒక్క టైరు మీదే. “బిగించేసరికి అరగంట పడుతుంది, టీ తాగి రండి సార్” అని షాపువాళ్లు అన్నారట. ఇంటికొచ్చి చూసుకుంటే మిగతా మూడూ రెండేళ్ల నాటివి. నాలుగు టైర్లూ నేల మీద వరసగా పెట్టించి, నాలుగింటి తేదీలూ ఫొటో తీశాకే బిగించమనండి. వాటి మధ్య పది వారాల తేడా ఉంటే ఏమీ కాదు. టీ తర్వాత తాగొచ్చు, బిగించేంతసేపూ అక్కడే నిలబడండి.

సైజు (185/65 ఆర్15 లాంటిది) గురించి మళ్లీ చెప్పను, డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉంది.

ఇక రేటు. “185 సైజు టైరు ఎంతండీ?” అని ఫోన్‌లో అడగడం మానేయండి. ఇది నాకు ఎంత కోపం తెప్పిస్తుందో చెప్పలేను. ఎందుకంటే ఆ ప్రశ్నకు షాపువాళ్లు ఏ అంకె చెప్పినా అబద్ధం కాదు. ఒకే కంపెనీలో, ఒకే సైజులో రెండు మూడు రకాల టైర్లు ఉంటాయి. అపోలోలో అమేజర్ 4జీ లైఫ్ ఎక్కువ కిలోమీటర్లు నడిచేలా చేసింది, ఆల్నాక్ 4జీ పట్టూ సౌకర్యం కోసం. సియట్‌లో మైలేజ్ ఎక్స్3 ఒక రకం, సెక్యూరాడ్రైవ్ ఇంకో రకం. రకం పేరు చెప్పకపోతే అన్నిటికన్నా చౌకదాని రేటు చెప్పి మిమ్మల్ని షాపుదాకా రప్పిస్తారు.

రకం పేరు చెప్పినా సగమే అయింది. లెక్క కోసం అంకెలు వేసుకుని చూద్దాం. మొదటి షాపు టైరు 5,200 అంది. నాలుగింటికి 20,800. బిల్లు వేసేటప్పుడు బిగింపుకి టైరుకు 100 చొప్పున 400, చక్రం అదరకుండా చేసే బ్యాలెన్సింగ్‌కి బరువులతో కలిపి 600, గాలి కొట్టే కొత్త వాల్వులకు 320, చక్రాల వరస సరిచేసే అలైన్‌మెంటుకు 500, గాలికి బదులు నింపే నైట్రోజన్‌కి 200 కలిశాయి. మొత్తం 22,820. రెండో షాపు టైరు 5,500 అంది, కానీ పనులన్నీ అందులోనే. 22,000. పాత టైర్లకు ఒక్కోదానికి 200 తగ్గిస్తే 21,200. టైరుకు 300 ఎక్కువ చెప్పిన షాపులో చివరికి 1,620 తక్కువైంది. మొదటి షాపులో పాత టైర్ల ఊసే ఎత్తలేదని గమనించారా? అడగకపోతే అవి అక్కడే ఉండిపోతాయి.

అందుకని ఫోన్‌లో ఇలా చదవండి, నేనైతే కాగితం మీద రాసుకునే చదువుతాను: “అన్నా, 185/65 ఆర్15, 88హెచ్, ట్యూబ్‌లెస్, ఫలానా కంపెనీ ఫలానా రకం, నాలుగు కావాలి. బిగింపు, బ్యాలెన్సింగ్, వాల్వులు, అలైన్‌మెంటు, జీఎస్టీ బిల్లు అన్నీ కలిపి, పాత నాలుగూ మీకే ఇచ్చేస్తే నేను చివరికి ఎంత ఇవ్వాలి? స్టాకు ఏ వారంది?” 88 అంటే టైరు 560 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. మీ పాత టైరు మీద ఎంతుంటే అంత, లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి, తక్కువ మాత్రం ఒప్పుకోవద్దు.

నాన్నగారి కారు పాత బిల్లు చూపించి రేటు పోల్చుకునేవాళ్లకు ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా 4,000 ఉన్న టైరు అప్పుడు 5,120 పడేది, ఇప్పుడు 4,720 పడాలి. కాబట్టి పాత బిల్లు రేటుకే ఇస్తున్నామంటే అది డిస్కౌంట్ కాదు. బిల్లు లేకుండా ఇంకా తగ్గిస్తామంటే ఒప్పుకోకండి, రేపు టైరు బుడగలా ఉబ్బితే వారంటీకి ఆ బిల్లే చూపించాలి.

బేరం విషయంలో నా అలవాటు: టైరు రేటు మీద ఎక్కువసేపు లాగను. అలైన్‌మెంటు, వాల్వులు, బ్యాలెన్సింగ్ కలిపేయమంటాను, వాటి మీద షాపువాళ్లు తొందరగా ఒప్పుకుంటారు. నైట్రోజన్‌కి డబ్బులివ్వను. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. శనివారం సాయంత్రం వెళ్లను, మంగళవారం పొద్దున వెళ్తాను, అప్పుడు పని నిదానంగా చేస్తారు. వాల్వులు మాత్రం పాతవి ఉంచనివ్వను. ఎండకు పగిలిన రబ్బరు వాల్వు కొత్త టైరులోంచి గాలి తీసేస్తుంది.

డబ్బు రెండింటికే ఉంటే రెండే కొనండి, కానీ కొత్తవి వెనక వేయించండి. ఇంజిన్ ముందుంది కదా అని ముందు వేస్తామంటారు. వాన నీళ్లలో వెనక టైర్లు పట్టు తప్పితే బండి గిర్రున తిరుగుతుంది, దాన్ని సరిచేయడం మనలాంటి వాళ్ల వల్ల కాదు. ముందు టైర్లు జారితే కనీసం స్టీరింగ్‌లో తెలుస్తుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసుకోవచ్చు.

ఈ వారం అభ్యాసం కాస్త ఎక్కువే. స్టెప్నీతో కలిపి మీ అయిదు టైర్ల సైజు, బరువు-వేగం కోడ్, తేదీ ఒక కాగితం మీద రాయండి. ప్రతి టైరుకూ లోపలి అంచు, మధ్య, బయటి అంచు దగ్గర గాడి లోతు కొలవండి. మన చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు, గాడి అడుగున ఉండే చిన్న దిమ్మెలు ఆ ఎత్తుకే పెడతారు. తర్వాత మూడు షాపులకు ఫోన్ చేసి, పైన ఇచ్చిన మాటలు ఒక్కటీ వదలకుండా చదివి, మూడు మొత్తాలూ పక్కపక్కన రాయండి. ఏమీ కొనకండి. మూడు చోట్ల కొలిచిన లోతుల్లో తేడా ఎక్కువ కనిపిస్తే టైర్ల కన్నా ముందు బాగుచేయించాల్సింది వేరే ఉంది. నాలుగో పాఠం దాని గురించే, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.