నంబరు ఉంచుకుని కంపెనీ మారడం: రద్దుకు, పోర్టింగ్‌కు తగాదాలు లేని దారి

పోస్ట్‌పెయిడ్ కనెక్షన్‌తో విసిగిపోయిన చందాదారు సాధారణంగా చేసే మొదటి పని పాత కంపెనీ స్టోర్‌కు వెళ్లి కనెక్షన్ రద్దు చేయమని అడగడం. ఆ నంబరుతో ఇక పని లేదనుకుంటే అది సరైన పనే. నంబరు ఉంచుకోవాలనుకునేవారు మాత్రం రద్దు మాట ఎత్తనే కూడదు. పోర్టింగ్, అంటే అదే నంబరుతో మరో కంపెనీకి మారడం, పూర్తికాగానే పాత కంపెనీ కనెక్షన్ దానంతటదే ముగిసిపోతుంది. ముందే రద్దు చేయించుకుంటే కొత్త కంపెనీకి మార్చడానికి వాడుకలో ఉన్న నంబరే మిగలదు. ఈ వరుస తప్పడం వల్లే చాలా తగాదాలు మొదలవుతున్నాయి కనుక, ఏది కావాలో ఇంట్లోనే తేల్చుకుని బయలుదేరడం మంచిది.

రద్దే కావాలంటే

ముందుగా ఆధార్, బ్యాంకు ఖాతా, గ్యాస్ కనెక్షన్, పింఛను, పాస్‌పోర్టు వంటివాటిలో పాత నంబరు ఎక్కడెక్కడ ఉందో చూసి, అన్నిచోట్లా కొత్త నంబరు నమోదు చేయించాలి. రద్దయిన నంబరును కనీసం 90 రోజుల వరకు మరొకరికి కేటాయించరు. ఆ తరువాత అది ఎవరి చేతికైనా వెళ్లవచ్చు, దానితోపాటే మన ఓటీపీలూ వెళతాయి. రద్దు అభ్యర్థన రాతపూర్వకంగా ఇచ్చి, తేదీ, ముద్ర ఉన్న నకలు తీసుకోవాలి. కనెక్షన్ తీసుకున్నప్పుడు డిపాజిట్ కట్టి ఉంటే, దాన్ని ఏ బ్యాంకు ఖాతాలో జమ చేయాలో అదే కాగితంలో రాయాలి. నోటిమాటగా అడిగిన డిపాజిట్ తిరిగి రావడానికి ఎంత కాలం పడుతుందో చెప్పడం కష్టం.

పోర్టింగ్‌కు ముందు చూసుకోవలసినవి

పోర్టింగ్‌కు కావలసిన యూపీసీ అనే ఎనిమిది అక్షరాంకెల కోడ్‌ను, 2019 డిసెంబరు 16 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, అర్హత సరిచూసిన తరువాతే జారీ చేస్తారు. అర్హత లేకపోతే కోడ్‌కు బదులు కారణం తెలిపే సందేశం వస్తుంది. ప్రస్తుత కంపెనీలో కనీసం 90 రోజులు పూర్తయి ఉండాలి. గత 7 రోజుల్లో పాత సిమ్ బదులు కొత్త సిమ్ తీసుకుని ఉండకూడదు. సిమ్ మార్పిడి మోసాలను అరికట్టడానికి ఈ నియమాన్ని 2024 జూలై 1 నుంచి చేర్చారు. యాజమాన్య మార్పు దరఖాస్తు నడుస్తూ ఉండకూడదు, నంబరుపై కోర్టు వివాదం ఉండకూడదు, ఒప్పందంలో మధ్యలో వైదొలగడానికి షరతులేవైనా ఉంటే వాటిని నెరవేర్చి ఉండాలి. కంపెనీ ఈ చివరి షరతును చూపిస్తే, మీరు సంతకం చేసిన ఒప్పందంలో అది ఎక్కడ ఉందో చూపించమని అడగండి. కౌంటరులో వినిపించే ‘ఆరు నెలల కట్టుబాటు’ చాలాసార్లు ఏ కాగితంలోనూ కనిపించదు.

అన్నిటికంటే ఎక్కువ పేచీ పెట్టేది బకాయి. నిబంధన చెప్పేది మామూలు బిల్లింగ్ క్రమంలో ఇప్పటికే జారీ అయిన బిల్లుల గురించి మాత్రమే. ఇంకా బిల్లు రాని వాడకాన్ని బకాయిగా చూపి కోడ్ నిరాకరించే వీలు లేదు. ఉదాహరణకు, బిల్లు ప్రతి నెలా 3వ తేదీన వస్తుందనుకుందాం. 5వ తేదీన ఆ బిల్లు కట్టేసి 12వ తేదీన కోడ్ అడిగిన చందాదారుకు, 4వ తేదీ నుంచి మాట్లాడిన మాటలకు ఇంకా లెక్క తేలలేదని చెప్పి ఆపకూడదు. అయితే 3వ తేదీన వచ్చిన బిల్లుకు గడువు 20 దాకా ఉందికదా అని కట్టకుండా అడగడం మాత్రం కోరి చిక్కు తెచ్చుకోవడమే. చెల్లించిన తరువాత ఆ మొత్తం ఖాతాలో జమ అయినట్టు కంపెనీ యాప్‌లో కనిపించే వరకు ఆగి, ఆ తెరను ఫొటో తీసుకుని, అప్పుడు కోడ్ అడగాలి.

పేరు విషయం మన జిల్లాల్లో విడిగా చెప్పుకోవలసినది. కడప జిల్లాలో కువైట్ వెళ్లినవారి పేరు మీద తీసుకున్న సిమ్‌ను ఇక్కడ భార్యో, తండ్రో ఏళ్ల తరబడి వాడుతున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కొత్త కంపెనీ ఆధార్‌తో గుర్తింపు సరిచూసేటప్పుడు, నంబరు ఎవరి పేరున ఉందో వారే ఎదురుగా ఉండాలి. కాబట్టి ముందు పాత కంపెనీలోనే యాజమాన్యం మార్పించుకుని, అది పూర్తయ్యాకే పోర్టింగ్‌కు వెళ్లాలి. చందాదారు చనిపోయి ఉంటే మరణ ధ్రువీకరణ పత్రంతో వారసుల పేరుకు మార్పించుకోవచ్చు. మీ పేరు మీద ఏయే నంబర్లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. మీరు వాడే నంబరు అక్కడ కనిపించకపోతే అది మరొకరి పేరున ఉండవచ్చు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసేవారికి ఇచ్చినట్టు, సంస్థ పేరున ఉన్న నంబరైతే సంస్థ ఇచ్చే అనుమతి లేఖ తప్పనిసరి. ఉద్యోగం మానేసే ముందే ఆ లేఖ తీసుకోవాలి. మానేశాక ఆ కాగితం కోసం తిరిగి గేటు లోపలికి వెళ్లడం అంత సులభం కాదు.

కోడ్ తీసుకుని మారడం

మారాలనుకుంటున్న ఫోను నుంచే, ఇంగ్లీషు అక్షరాల్లో ‘పోర్ట్’ అని టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, పది అంకెల నంబరు వేసి 1900కు ఎస్సెమ్మెస్ పంపాలి. ప్రీపెయిడ్ పథకంలో ఎస్సెమ్మెస్ సౌకర్యం లేకపోయినా ఈ సందేశం వెళ్లేలా చూడాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2021 డిసెంబరులో అన్ని కంపెనీలనూ ఆదేశించింది. ‘పెద్ద రీచార్జి వేయించుకుంటేనే పోర్ట్ మెసేజ్ పోతుంది’ అని ఎవరైనా చెబితే నమ్మనవసరం లేదు. మన సర్కిల్‌లో, అంటే మన టెలికాం సేవా ప్రాంతంలో, కోడ్ నాలుగు రోజులు చెల్లుతుంది. దాన్ని కొత్త కంపెనీ స్టోర్‌లో తప్ప మరెక్కడా చెప్పకూడదు. ఫోను చేసి కోడ్ అడిగేవారు ఏ కంపెనీ పేరు చెప్పినా పెట్టేయండి.

పోర్టింగ్ రుసుము రూ.6.46. చాలా సందర్భాల్లో కొత్త కంపెనీలు దాన్ని వసూలు చేయవు. దరఖాస్తు ఇచ్చాక మనసు మారితే, 24 గంటల్లోగా ‘క్యాన్సిల్’ అనే మాటతో పాటు నంబరును 1900కే పంపి ఆపించవచ్చు. ఒకసారి మారితే మళ్లీ 90 రోజులు కదలడానికి ఉండదు. ప్రీపెయిడ్ బ్యాలెన్సు కొత్త కంపెనీకి బదిలీ కాదు కనుక, ముందే వాడేసుకోవడం మేలు.

ఎన్ని రోజులు పడుతుందనే విషయంలో కర్నూలు వారికీ అనంతపురం వారికీ ఒక తేడా ఉంది. టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే తెలంగాణ కూడా కలిసినదే. అందుచేత కర్నూలు నంబరుతో హైదరాబాదులో కంపెనీ మారినా సర్కిల్ లోపలి మార్పే అవుతుంది, మూడు పనిదినాల్లో పూర్తి కావాలి. అనంతపురం నంబరుతో బెంగళూరులో మారితే అది వేరే సర్కిల్ మార్పు, దానికి ఐదు పనిదినాలు. సంస్థ పేరున ఉన్న నంబర్లకూ ఐదు రోజులే గడువు. సర్కిల్ దాటి కూడా పాత నంబరే ఉంచుకునే వీలు 2015 జూలై 3 నుంచి దేశమంతటా ఉంది. కానీ బెంగళూరులో సిగ్నల్ బాగానే ఉండి, రోమింగ్‌కు విడిగా డబ్బు పడకపోతే, అనంతపురం నంబరును కర్ణాటక సర్కిల్‌కు మార్చవలసిన అవసరమే లేదని నా అభిప్రాయం.

మార్పు జరిగేటప్పుడు పాత సిమ్ ఆగిపోయి, కొత్త సిమ్ పనిచేయడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. ఆ రోజు ఓటీపీతో పడే పనులేవీ పెట్టుకోకండి. పోస్ట్‌పెయిడ్ వారికి చివరి బిల్లు ఒకటి తరువాత వస్తుంది. నంబరు చేతికొచ్చింది కదా అని దాన్ని వదిలేస్తే, పాత కంపెనీ ఆ బకాయి సంగతి కొత్త కంపెనీకి తెలియజేసి సేవ ఆపించే వీలు నిబంధనల్లోనే ఉంది. ఆటోపే పెట్టుకున్నవారు ఆ చివరి బిల్లు చెల్లింపు పూర్తయిన తరువాతే ఆటోపేను రద్దు చేయాలి, అంతకుముందు కాదు.

మాట తప్పినప్పుడు

ముందుగా కంపెనీ ఫిర్యాదు కేంద్రానికి, అంటే 198కి, ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. సంభాషణ ఎంత మర్యాదగా సాగినా, డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు సంఖ్య, ఇవ్వకుండా ముగిస్తే ఆ ఫిర్యాదు లేనట్టే లెక్క. ఆ వెంటనే కంపెనీకి ఈమెయిల్ కూడా ఈ విధంగా పంపవచ్చు:

“నా పోస్ట్‌పెయిడ్ నంబరు ... పై ... తేదీన జారీ అయిన రూ. ... బిల్లును ... తేదీన చెల్లించాను. రసీదు నంబరు ... . ... తేదీన 1900కు సందేశం పంపగా, బకాయి ఉందన్న కారణంతో కోడ్ నిరాకరించారు. జారీ అయిన బిల్లుల్లో చెల్లించనిది ఏదైనా ఉంటే దాని తేదీ, మొత్తం తెలియజేయండి. లేకపోతే బకాయి లేదని రాతపూర్వకంగా తెలిపి, కోడ్ జారీకి అడ్డు తొలగించండి. ఫిర్యాదు డాకెట్ నంబరు ... .”

ఈ ఉత్తరంలో కోపం ఒక్క ముక్క కూడా అక్కరలేదు. తేదీలూ మొత్తాలూ ఉంటే చాలు, జవాబు దాటవేయడం కష్టమవుతుంది.

జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా, 30 రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పీలు విభాగానికి వెళ్లవచ్చు. దీనికి రుసుము లేదు. 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ నిబంధనలు చేసే సంస్థే గాని ఒక్కొక్కరి ఫిర్యాదును విచారించదు, కాబట్టి అక్కడికి ఉత్తరాలు రాసి నెలలు పోగొట్టుకోవద్దు. అప్పీలూ ఫలించకపోతే టెలికాం శాఖ ఫిర్యాదుల విభాగానికి పంపవచ్చు, 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌నూ అడగవచ్చు.

ఆ తరువాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. టెలిఫోను తగాదాలు టెలిగ్రాఫ్ చట్టం కిందే తేల్చుకోవాలనీ, కమిషన్‌కు రాకూడదనీ కంపెనీలు చాలాకాలం వాదించాయి. 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. కంపెనీ ప్రధాన కార్యాలయం ముంబైలో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా కర్నూలు వాసి కర్నూలు కమిషన్‌కే వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపు ఉన్నప్పుడు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటినుంచే దాఖలు చేయవచ్చు. తగాదా పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోగా వేయాలి.

ఫిర్యాదుతోపాటు బిల్లు, రసీదు, 1900 నుంచి వచ్చిన నిరాకరణ సందేశం, డాకెట్ నంబరు, అప్పీలు జవాబు జతచేయాలి. సందేశాల ఫొటోలు తీసేటప్పుడు తేదీ, పంపినవారి నంబరు రెండూ తెరపై కనిపించేలా తీసి, కంపెనీ మారే ముందే వాటిని ఈమెయిల్‌లో దాచుకోవాలి. కంపెనీతో పాటు హ్యాండ్‌సెట్టూ మార్చేవారి పాత సందేశాలు సాధారణంగా ఆ పాత ఫోనులోనే ఉండిపోతాయి.