పన్ను నొప్పి దానంతట అదే ఆగిపోయిందా? జాగ్రత్త పడవలసింది అప్పుడే

గత నెలలో మాకు తెలిసిన ఒక యువకుడిని అర్ధరాత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లవలసి వచ్చింది. గడ్డం కింద రెండు వైపులా వాచిపోయి, నాలుక పైకి లేచి, ఉమ్మి కూడా మింగలేని స్థితిలో ఉన్నాడు. ముందు ఊపిరి కోసం గొట్టం వేసి, ఆ తరువాత మెడ దగ్గర కోసి చీము తీశారు. కారణం కింది దవడలోని ఒక పిప్పిపన్ను. అంతకు మూడు వారాల ముందు ఆ పన్నే అతనిని రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. మూడోనాటికి నొప్పి దానంతట అదే పోవడంతో, దంతవైద్యుని దగ్గర తీసుకున్న అపాయింట్‌మెంటును రద్దు చేసుకున్నాడు. రోజుకు రెండుసార్లు తోముకోవాలని, తీపి తగ్గించాలని అందరికీ తెలుసు కనుక, రద్దయిన ఆ అపాయింట్‌మెంటు గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

పన్ను పైపొర అయిన ఎనామిల్‌లో నరాలు లేవు. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మార్చి, ఆమ్లం పెరిగే కొద్దీ తగ్గే పీహెచ్ కొలత సుమారు 5.5 కంటే దిగినప్పుడు ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది; అందుకే పుచ్చు పుట్టే రోజుల్లో మనకు ఏమీ తెలియదు. పుచ్చు లోపలి డెంటిన్ పొరకు చేరినప్పుడు చల్లని నీటికి పన్ను జివ్వుమని, క్షణాల్లో సర్దుకుంటుంది. ఆ దశలో సాధారణంగా పుచ్చును తొలిచి పూడిస్తే సరిపోతుంది. చల్లదనం పోయిన తరువాత కూడా నొప్పి నిమిషాల తరబడి నిలిచినా, ఏ కారణం లేకుండా రాత్రి పడుకోగానే పోటు మొదలైనా, నరాలు, రక్తనాళాలు ఉండే నడిమి గుజ్జు వాచి ఉండవచ్చు. గట్టి గోడల మధ్య ఇరుక్కున్న ఆ గుజ్జుకు ఉబ్బడానికి చోటు లేక, రక్తం అందక, చివరికి అది చచ్చిపోతుంది. నరం చచ్చింది కనుక నొప్పి ఆగుతుంది. సూక్ష్మజీవులు మాత్రం ఆ దారినే వేరు కొసకు, అక్కడి నుంచి ఎముకలోకి దిగుతాయి. రాత్రుళ్లు పోటు పెట్టి, వైద్యం లేకుండా నొప్పి ఆగిన పన్నును బాగుపడిన పన్నుగా లెక్కించకండి. అది చచ్చిన పన్ను అయి ఉండవచ్చు.

మాత్రలు ఈ పొరపాటును ఇంకా తేలిక చేస్తాయి. పాత చీటీతో తెచ్చుకున్న యాంటీబయాటిక్ వేసుకుంటే వాపు దిగవచ్చు. కానీ మందు రక్తంతోనే చేరాలి, చచ్చిన గుజ్జుకు రక్తప్రసారం లేదు. చుట్టుపక్కల ఇన్ఫెక్షన్ తగ్గినా దాని మూలం పన్నులోనే మిగిలిపోతుంది. ఆ మూలాన్ని తీసివేయాలంటే రూట్ కెనాల్ (లోపలి గుజ్జును తీసి, శుభ్రం చేసి, మూసే చికిత్స) చేయించాలి, లేదా పన్ను తీయించాలి. చిగురు మీద చిన్న పొక్కు లేచి, చీము కారుతూ ఉన్నవారికి తరచు నొప్పే ఉండదు, చీముకు బయటి దారి దొరికింది కనుక. నేను చూసినంతలో అందరికంటే ఆలస్యంగా వైద్యానికి వచ్చేది వాళ్లే.

కింది దవడలో వెనకటి రెండు దంతాల వేళ్ల కొసలు సాధారణంగా నోటి అడుగు కండరానికి దిగువన ఉంటాయి, కాబట్టి వాటి చీము గడ్డం కిందికి, మెడలోకి పాకగలదు. 1836లో ఈ స్థితిని వర్ణించిన జర్మన్ వైద్యుని పేరుతోనే దీనిని ఇప్పటికీ లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. వాపు శ్వాసమార్గాన్ని మూసివేయడమే ఇందులో పెద్ద ప్రమాదం. గుటక పడకపోయినా, నోరు తెరుచుకోకపోయినా, మాట ముద్దగా వస్తున్నా, జ్వరంతో పాటు వాపు కంటి వైపో మెడ వైపో పాకుతున్నా, తెల్లవారే దాకా ఆగకుండా అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి.

చిగుళ్ల విషయంలోనూ నొప్పి లేకపోవడమే మోసం చేస్తుంది. తోముతుంటే రక్తం వస్తోందని చాలామంది ఆ చోటును వదిలేస్తారు. పాచి అక్కడే గట్టిపడి గారగా మారుతుంది, కింద ఎముక తరిగిపోతుంది, పన్ను కదిలే దాకా వాళ్లకు బాధ తెలియదు. రక్తం వచ్చే చోటనే మెత్తని బ్రష్‌తో శ్రద్ధగా తోమాలి, గారను క్లినిక్‌లో తీయించుకోవాలి.

దూరప్రయాణానికి ముందు, గర్భధారణకు ముందు, పెద్ద శస్త్రచికిత్సకు ముందు పళ్లు చూపించుకోండి. మధుమేహం ఉన్నవారు వాపును ఒక్క రోజు కూడా ఉపేక్షించకూడదు. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నా, రక్తం పలచబడే మందులు, ఎముకల బలానికి ఇచ్చే మందులు వాడుతున్నా, పన్ను తీయించుకునే ముందే ఆ సంగతి చెప్పండి. వాచిన దవడకు వేడి కాపడం పెట్టకండి. నొప్పి ఉన్న చోట ఆస్పిరిన్ మాత్ర నొక్కి పెట్టకండి, చిగురు కాలుతుంది. పారాసెటమాల్ పెద్దవారికైనా రోజుకు మొత్తం 4 గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లోనూ అదే మందు ఉండవచ్చు, దానినీ కలిపి లెక్కించండి. చీమును సూదితో పొడవకండి. రెండు వారాలు దాటినా మానని పుండును నొప్పి లేకపోయినా చూపించండి. నొప్పి ఆగిందని అపాయింట్‌మెంటు రద్దు చేసుకోకండి. రూట్ కెనాల్ మొదటి విడతతో పోటు తగ్గగానే మిగిలిన విడతలు మానేయడం కూడా సరిగ్గా ఇదే తప్పు; పైన పెట్టింది తాత్కాలికమైన పూడిక, అది అరిగితే సూక్ష్మజీవులు మళ్లీ లోపలికి చేరతాయి. ఆ పూడిక ఊడితే అదే రోజు క్లినిక్‌కు ఫోన్ చేయండి, తొడుగు వేసే వరకు ఆ పన్నుతో గట్టివి కొరకకండి.