స్లాబు కిందకు వెళ్లే ముందు బరువు దారి చూడండి

మంటలార్పడానికి భవనంలోకి అడుగుపెట్టే ముందు ఒక్కటి తేల్చుకోండి: పైనున్న బరువును ఏది మోస్తోంది?

అపార్ట్‌మెంట్లలో స్లాబు బరువు బీముకు, బీము నుంచి పిల్లరుకు, అక్కడి నుంచి పునాదికి దిగుతుంది. గదుల మధ్య ఇటుక గోడ కూలినా స్లాబు నిలుస్తుంది. అదే కింద పార్కింగ్‌లో బండ్లు తగలబడుతుంటే, భవనాన్నంతా మోసే పిల్లర్లే కాలుతున్నట్టు. హైదరాబాద్ పాతబస్తీలో డంగుసున్నం గోడలే దూలాలనూ గిర్డర్లనూ (ఇనుప దూలాలను) మోస్తాయి. గోడ పోతే కప్పు పోయినట్టే. ముందు గోడ కొట్టేసి షట్టర్లు పెట్టిన ఇళ్లలో పై అంతస్తు మొత్తం ఒక్క గిర్డరు మీదే ఆగి ఉండొచ్చు. ముందు దాన్ని వెతకండి.

ఇనుము అంటుకోదు కదా అని నమ్మొద్దు. 550 డిగ్రీల దగ్గర దాని బలం దాదాపు సగమవుతుంది. 10 మీటర్ల గిర్డరు వేడి 500 డిగ్రీలు పెరిగితే సుమారు 6 సెంటీమీటర్లు సాగి, ఆనుకున్న గోడను బయటికి నెడుతుంది. జీడిమెట్ల, కాటేదాన్ రేకుల షెడ్లలో ట్రస్సులు, అంటే కప్పును మోసే ఇనుప చట్రాలు, సన్నటి యాంగిళ్లతో చేసినవి. వాటికి మంట తగులుతుంటే, లోపల మనుషులు లేరని తేలాక, బయటి నుంచే నీళ్లు కొట్టడం మేలు. లావుపాటి టేకు దూలం ఇంతకంటే నిదానంగా లొంగుతుంది, గోడలో ఉన్న కొసను చెదలు తినకపోతేనే.

స్లాబులో చువ్వల కింద కాంక్రీటు చాలాచోట్ల 20 మిల్లీమీటర్లే. పెచ్చులూడి చువ్వలు కనిపిస్తే దాని కింద నిలబడొద్దు. 2023 జనవరిలో గంటల తరబడి కాలిన రాంగోపాల్‌పేట డెక్కన్ మాల్‌ను చివరికి కూల్చేయాల్సి వచ్చింది.

మన నీళ్లూ బరువే. నిమిషానికి 450 లీటర్లు వదిలే నాజిల్ 10 నిమిషాల్లో నాలుగున్నర టన్నులు పోస్తుంది. ఇంటి స్లాబుకు లెక్కగట్టే వాడకం బరువు, అంటే మనుషులు, సామాన్ల బరువు, చదరపు మీటరుకు 200 కిలోలు. 10 సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే అందులో సగం అయిపోయినట్టే. బట్టల గోడౌన్లలో బేళ్లు నీళ్లు తాగి ఉబ్బి గోడలను తోస్తాయి. అందుకే నీళ్లు మెట్ల మీదుగా దిగే దారిని ముందే తెరిచిపెట్టండి.

బయట ఒకరు వైర్‌లెస్‌తో గోడలనే చూస్తుండాలి. పగులు వెడల్పవడం, అందులోంచి పొగ రావడం, తలుపులు బిగుసుకోవడం, పిట్టగోడ ఒరగడం: ఏ ఒక్కటి కనిపించినా అందరినీ బయటికి పిలవాలి. గోడ ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరం ఉండండి, 8 మీటర్ల గోడకు 12 మీటర్లు. గల్లీలో అంత జాగా దొరకదు. అక్కడ గోడకు ఎదురుగా కాకుండా భవనం మూల దగ్గర నిలబడి హోస్ పట్టండి.