సర్వీసు వేగానికి చేయి తిప్పడమే కీలకం
టెన్నిస్ సర్వీసు వేగమంతా మణికట్టు విదిలింపులో ఉందని చాలామంది అనుకుంటారు గాని, అందులో పెద్ద వాటా పై చేయి భుజం కీలు వద్ద లోపలికి తిరగడానిదే. ముంజేయి తిరగడం దానికి తోడవుతుంది. ఇందుకు రాకెట్‌ను కాంటినెంటల్ గ్రిప్‌తో, అంటే సుత్తిని పట్టినట్టు, పట్టుకోవాలి. వీపు వెనుక నుంచి లేచే రాకెట్ ముందుగా తన అంచుతో బంతి వైపు సాగి, తగలబోయే క్షణంలో చేయి తిరగడం వల్ల మాత్రమే దాని ముఖం బంతికి ఎదురు రావాలి. మొదటినుంచీ ముఖాన్ని ఆకాశం వైపు తెరిచి ఉంచేవారికి (కొత్తవారిలో ఎక్కువగా కనిపించే అలవాటిది) తిప్పడానికి చోటే మిగలదు. బంతి తగిలిన వెంటనే కుడిచేతి వాటం వారి అరచేయి కుడి పక్కకు, బయటికి చూస్తూ ఉంటే చేయి సరిగా తిరిగినట్టే. ముందుగా సర్వీస్ లైన్ (కోర్టు చివరి గీత కంటే నెట్‌కు దగ్గరగా ఉండే గీత) దగ్గర నిలబడి, పిడిని వదులుగా పట్టుకొని, సగం వేగంతోనే సాధన చేయడం మంచిది.